పాతిక దూరం

ఫిబ్రవరి 3, సోమవారం

ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. చెప్పవలసిన మనిషికే చెప్పకూడదు. అందుకని ఈ డైరీ మొదలుపెట్టాను. కొత్త సంవత్సరానికి లెన్సుల కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చింది. అప్పట్నుంచీ కౌంటరు సొరుగులో పడి ఉంది. గీతలు మరీ సన్నగా వేశారు, ఉన్నాయో లేవో తెలియడం లేదు. ఊరికే ఇచ్చేదానికి ఇంత సిరా ఎందుకనుకున్నారు కాబోలు.

సంగతి ఏమిటంటే, మిషను కోసం దాచిన డబ్బంతా ఇవాళ పొద్దున బ్యాంకులోంచి తీసి రోబో చేతిలో పెట్టాను.

రాసేశాను. హమ్మయ్య.

రోబో అంటే ఇనప మనిషేమీ కాదు, ఫోనులో ఉండే ప్రోగ్రాము. బావమరిది తగిలించాడు. ఒక దేశం డబ్బు పెట్టి ఇంకో దేశం డబ్బు కొంటుంది, మళ్ళీ అమ్ముతుంది. ఆ రేటు రోజంతా పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుందట. ఆ ఊగే దారి పొడుగునా మన రోబో మెట్లు కట్టి పెట్టుకుంటుంది. రేటు ఒక మెట్టు దిగితే కొంటుంది, ఒక మెట్టు ఎక్కితే అమ్ముతుంది. రేటు ఎటు పోతుందో మనం జోస్యం చెప్పనక్కర్లేదు, ఊగితే చాలు. దీన్ని గ్రిడ్ అంటారు.

"గళ్ళ చొక్కా ఉంటుంది చూడు బావా, అలాగన్నమాట. రేటు గడి దాటినప్పుడల్లా నీకింత లాభం. నువ్వు చెప్పాల్సిందల్లా ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య దూరం ఎంతో. పాతిక పెట్టు. మర్చిపోకు, పాతిక!" అన్నాడు ఫోనులో.

పాతిక గురించి నాకు చెప్పాలా వీడు! కళ్ళజోళ్ళ దుకాణంలో మెట్లన్నీ పాతిక మెట్లే. పవరు పెరిగినా తగ్గినా పాతిక చొప్పునే. పాతిక, అర, ముప్పావు, ఒకటి. లెన్సుల పెట్టెలో వరసలన్నీ అలాగే పేర్చి ఉంటాయి. కళ్ళు మూసుకుని కొట్టాను: సున్నా, చుక్క, రెండు, ఐదు. అడుగున ఎర్రటి అక్షరాలు చీమల బారులా ఏవో వచ్చాయి. 'సరే' అని నొక్కాను. రోబో మొదలైంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

"ఏంటండీ, పొద్దుట్నుంచీ ఒకటే ఈలలు!" అంది మా ఆవిడ. ఈల వేస్తున్నానని నాకే తెలియదు.

ఫిబ్రవరి 5, బుధవారం

మిషను గురించి రాయాలి. లేకపోతే నేనేదో పేకాటకి డబ్బు తగలేసినట్టు ఉంటుంది.

మా దుకాణంలో ముందు గది నాది, తెర అవతలి గది మా ఆవిడది. నేను కళ్ళు పరీక్ష చేసి చీటీ రాస్తాను. ఆవిడ లెన్సు అంచులు అరగదీసి ఫ్రేములో కూర్చోబెడుతుంది. అది కూడా సానరాయి మీద, చేత్తో. లెన్సుని బొటనవేలితో అదిమిపట్టి గుండ్రంగా తిప్పుతూ ఉండాలి. చుక్కచుక్కగా నీళ్ళు పడుతూ ఉంటాయి. పెద్ద పెద్ద దుకాణాల వాళ్ళు మిషనులో పెట్టి తీసినవాటికన్నా ఆవిడ చేతిలో తయారైనవే నికరంగా ఉంటాయి. ఇది నేను మొగుణ్ణి కాబట్టి చెప్పే మాట కాదు.

కిందటేడు ఆ వేలు వాచింది. ఈ ఏడాది అసలు తగ్గడమే లేదు. "ఇలాగే అరగదీస్తూ పోతే ఇంక ఆ వేలు వంగదమ్మా" అని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. పక్క వీధిలో దుకాణం ఎత్తేస్తున్న పెద్దాయన తన అంచుల మిషను మాకే ఇస్తానన్నాడు. మార్చి పదో తారీకు దాకా ఎవరికీ అమ్మనని మాట ఇచ్చాడు. మేం దాచింది దానికి సరిగ్గా సరిపోతుంది.

కాని షోరూములో కొత్తది ఉంది. రంగుల తెర, మీట నొక్కితే చాలు, పాట కూడా పాడుతుందట పని అయిపోగానే. ఇన్నేళ్ళు చెయ్యి అరగదీసుకున్న మనిషికి ఇంకొకరు వాడి పారేసింది ఎందుకు? నెల రోజులు రోబో తిప్పితే ఆ తేడా వచ్చేస్తుంది. కొత్తది తెచ్చి ముందు పెట్టినప్పుడు ఆవిడ మొహం ఎలా ఉంటుందో చూడాలి. అంతే, ఇంకేం లేదు.

ఫిబ్రవరి 6, గురువారం

రోబో లాభం చూశాను. అంకెలు వేసినవాడికి బుద్ధి లేదు, ఆవగింజల్లా వేశాడు. ముందొక అంకె, చుక్క, వెనక రెండు అంకెలు. మూడూ ఒకేలా ఉన్నాయి. మూడు సున్నాలైనా అయి ఉండాలి, మూడు ఎనిమిదులైనా అయి ఉండాలి.

అంత కష్టపడే రోబోకి సున్నా ఎందుకు వస్తుంది? ఎనిమిదులే. ఎనిమిదీ ఎనభై ఎనిమిది!

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఇవాళ కూడా ఎనిమిదీ ఎనభై ఎనిమిదే. ఏం నిలకడ!

ఫిబ్రవరి 9, ఆదివారం

శని, ఆదివారాలు మార్కెట్టుకి సెలవట. ఏమీ తోచలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఒక బస్సు డ్రైవరు లైసెన్సు కోసం పరీక్షకి వచ్చాడు. "నేను పుట్టి బుద్ధెరిగి కళ్ళజోడు పెట్టలేదు సార్" అన్నాడు, ఇంకా గుమ్మంలో ఉండగానే. కౌంటరు దగ్గరినుంచే నవ్వాను. ముక్కుకి అటొకటీ ఇటొకటీ రెండు నొక్కులు, కాలవల్లా పడి ఉన్నాయి. "జేబులోది తీసి పెట్టుకో నాయనా, సిగ్గెందుకు" అన్నాను. మనిషి నీరుగారిపోయి జేబులోంచి తీశాడు. నా దగ్గర ఈ విద్య ఒకటుంది. దొంగచాటుగా కళ్ళజోడు పెట్టేవాళ్ళని ముక్కు చూసి పట్టేస్తాను. ఇంతవరకూ ఒక్కరు కూడా తప్పించుకోలేదు.

డ్రైవరు పోతూ పోతూ "మరి మీకు లేదేం సార్?" అన్నాడు.

"నాకు నలభై ఆరు. మా ఆవిడకి నలభై నాలుగు. మా ఇంట్లో ఎవరికీ కళ్ళజోడు లేదు" అన్నాను. ఈ మాట చెప్పినప్పుడు ఎదుటివాళ్ళు నోరు తెరుస్తారు. అది చూడటం నాకు భలే ఇష్టం.

వాడు వెళ్ళాక తెర అవతలినుంచి మా ఆవిడ, "మిఠాయి కొట్టువాడు 'నేను తీపి ముట్టను' అని బోర్డు పెట్టుకున్నట్టుంది మీ వరస" అంది.

నలభై దాటితే చత్వారం అందరికీ వస్తుంది, జుట్టు నెరిసినట్టే అదీనూ అని రోజుకి పదిమందికి చెబుతాను. అందరికీ అంటే, సాధారణంగా అందరికీ అని.

ఫిబ్రవరి 12, బుధవారం

బావమరిది ఫోను. వాడిది నిన్న పెరిగిందట, ఇవాళ కాస్త తగ్గిందట.

"నీదెలా ఉంది బావా?"

"నాది రోజుకి ఒకటే లెక్క. తూకం వేసినట్టు."

"ఒకటేనా? అదెలా?"

"పెంపకంరా" అన్నాను.

వాడు ఫోను పెట్టేశాడు. అసూయ పడ్డాడు పాపం. నా రోబోకి ఇవాళ 'బుద్ధిమంతుడు' అని పేరు పెట్టాను.

ఫిబ్రవరి 17, సోమవారం

ఖాతాలో మొత్తం ఎంతుందో చూద్దామనుకున్నాను. మొదటి రోజు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉన్నట్టు కనిపిస్తోంది. లాభం నెలాఖరుకి కలుపుతారేమో. బ్యాంకులో వడ్డీ కూడా అంతేగా.

కౌంటరు మీద బల్బు బొత్తిగా నీరసంగా ఉంది. రేపు మార్చాలి.

ఫిబ్రవరి 18, మంగళవారం

బల్బు మార్చాను. ఇదివరకటికి రెట్టింపు వెలుతురు. అయినా ఫోనులో అంకెలు అలాగే ఉన్నాయి. బల్బులు కూడా పూర్వంలా చెయ్యడం లేదు.

లెన్సుల పెట్టె పక్కనే ఉంది. ఒక్క లెన్సు తీసి కంటి ముందు పెట్టుకుంటే పోయేదేముంది అనిపించింది. చెయ్యి అక్కడిదాకా వెళ్ళింది కూడా. ఇంతలో తెర అవతల మా ఆవిడ దగ్గింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అయినా దానితో నాకేం పని? సిరా మార్చి చూడాలి, ఈ డైరీలో రాసింది కూడా సరిగ్గా ఆనడం లేదు.

ఫిబ్రవరి 20, గురువారం

లావు పాళీ కలం కొన్నాను. ఇప్పుడు పేజీకి నాలుగైదు వాక్యాలే పడుతున్నాయి. డైరీలు మరీ చిన్నవి చేసేశారు ఈమధ్య.

ఫిబ్రవరి 24, సోమవారం

ఇవాళ షోరూముకి వెళ్ళి కొత్త మిషను చూసి వచ్చాను. లెన్సు పెట్టి మీట నొక్కగానే లోపల గిర్రున తిరిగి చిన్నపిల్లల ఆటబొమ్మలా పాట పాడింది. అమ్మే కుర్రాడు కాగితాల కట్ట చేతిలో పెట్టి "చదువుకోండి సార్" అన్నాడు. చెయ్యి చాచి పట్టుకుని చదివినట్టు తల ఊపాను. గదిలో ఆ మూలకి ఉన్న బోర్డు మాత్రం పొల్లు పోకుండా చదివి వినిపించాను. కుర్రాడు ఆశ్చర్యపోయాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడ చీటీ ఒకటి పట్టుకుని వచ్చింది. "ఇది ఒకటా, ఏడా?" అంది.

"కనపడటం లేదా?" అన్నాను కావాలని.

"మీరు రాసింది మీకే తెలియాలి కదా" అని నవ్వుతూ తెర అవతలికి పోయింది. ఆ నవ్వు ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇవాళ ఆవిడ వేలికి గుడ్డ చుట్టుకుని పని చేసింది. అడిగితే "ఏం లేదు, తడి" అంది. ఇంకో పది పన్నెండు రోజులు ఓపిక పట్టు తల్లీ అనుకున్నాను మనసులో.

ఫిబ్రవరి 28, శుక్రవారం

నెలాఖరు. లాభం కలపలేదు. వాళ్ళ దేశంలో నెల ఎప్పుడు అవుతుందో.

బుద్ధిమంతుడు మాత్రం ఎనిమిదీ ఎనభై ఎనిమిది దగ్గర ఠీవిగా కూర్చున్నాడు.

మార్చి 4, మంగళవారం



బావమరిది పొద్దున్నే ఫోను చేశాడు. గొంతు గొంతులా లేదు. "బావా, ఊగడం ఆగిపోయింది. పడిపోతోంది. నిన్నట్నుంచీ ఒకటే పడటం. మన రోబో వెధవ మెట్టుమెట్టుకీ కొంటూ పోతోంది. అమ్మడానికి పైకొస్తే కదా! నీకు కింది హద్దు ఎక్కడ పెట్టావు?"

"ఏం హద్దు?"

"ఇంతకంటే కిందికి పోతే ఆపెయ్యమని చెప్పే హద్దు. పెట్టలేదా? బావా, పెట్టలేదా?"

ఫోను చెవి దగ్గరినుంచి తీసి చూశాను.

రేటు గీత కొండ మీదినుంచి జారిన రాయిలా ఉంది. అది బాగానే కనిపిస్తోంది. అంకెలే కనపడటం లేదు. ఇంత పడినా మూడు ఎనిమిదులే ఉన్నాయా? ఎలా ఉంటాయి? నిజానికి అవి ఎనిమిదులేనా? ఆపెయ్యి అనే మీట ఎక్కడుందో వెతికాను. మీటలన్నీ ఒకేలా ఉన్నాయి. ఒకటి నొక్కబోయి, కొనెయ్యి అనే మీట అయితే ఏం గతి అని వేలు తీసేశాను. బజారు మధ్యలో నిలబడి దారినపోయేవాళ్ళని 'బాబూ, ఇది కాస్త చదివి పెట్టండి' అని అడిగేవాళ్ళని చూశాను. నాకు అంతవరకూ వచ్చింది.

ఆవిడ వేలు. నాకు ఇంకేమీ తోచడం లేదు, ఆవిడ వేలే కనిపిస్తోంది.

ఇవాళ చెప్పెయ్యాలి.

మార్చి 4, మళ్ళీ

చెప్పేశాను. నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పి పుడుతున్నాయి. ముందు ఏడ్చాను. వరసగా రాస్తాను.

సాయంత్రం షట్టరు సగం దించి ఆవిడని పిలిచాను. తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మిషను డబ్బు, రోబో, మెట్లు, కొత్త మిషను, హద్దు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. చెబుతున్నంతసేపూ ఆవిడ మొహం వంక చూడలేకపోయాను. చివర్న "నీ వేలు తాకట్టు పెట్టేశానే" అన్నాను. ఆ మాటకి నాకే ఏడుపొచ్చింది.

ఆవిడ చెయ్యి చాచింది. "ఫోను ఇటివ్వండి" అంది. తీసుకుని తెర అవతలికి నడిచింది.

"అటెందుకు?"

"ఇక్కడ వెలుతురు చాలదు."

కొత్త బల్బు నెత్తి మీదే వెలుగుతోంది. అయినా ఆ క్షణంలో నాకది తట్టలేదు. తెర అవతల సొరుగు లాగిన చప్పుడు. తరవాత ఏమీ లేదు. గోడ గడియారం ఒక్కటే టిక్కుటిక్కుమంటోంది. నేను పేషెంట్ల బల్ల మీద కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాను.

ఉన్నట్టుండి పకపకా నవ్వు. పిచ్చెక్కిందేమో అనుకున్నాను. డబ్బు పోతే మనుషులు అలా నవ్వుతారని విన్నాను.

తెర తోసుకుని వచ్చింది. కళ్ళలో నీళ్ళు, నవ్వు ఆగడం లేదు. "ఏమండీ, మీ బుద్ధిమంతుడు ఏమీ కొనలేదు."

"ఏమీ అంటే?"

"ఏమీ అంటే ఏమీ. ఒక్కటంటే ఒక్కటి లేదు. లాభం లేదు, నష్టం లేదు. పెట్టిన డబ్బు పెట్టినట్టే ఉంది. మెట్టుకీ మెట్టుకీ దూరం ఎంత పెట్టారు?"

"పాతిక. మీ తమ్ముడు పాతికే పెట్టమన్నాడు."

"ఎలా కొట్టారు?"

"పాతిక ఎలా కొడతారు? సున్నా, చుక్క, ఇరవై ఐదు."

ఆవిడ గోడకి ఆనుకుని నెమ్మదిగా నేల మీద కూలబడింది, నవ్వలేక. తమ్ముడికి ఫోను కలిపి మాట పైకి వినపడేలా పెట్టింది. వాడు అవతల నెత్తి కొట్టుకున్న చప్పుడు నాకు ఇక్కడికి వినిపించింది. "బావా! చుక్క తరవాత రెండు సున్నాలు పెట్టి అప్పుడు పాతిక! అక్కడ ఎర్రగా రాసుంటుంది కదా, 'దూరం చాలా ఎక్కువ, సరిచూసుకోండి' అని! చదవలేదా?"

చీమల బారు.

ఆవిడ విడమరిచి చెప్పింది. రేటు ఒకటీ పాయింటు సున్నా ఎనిమిది దగ్గర వెంట్రుకవాసి అటూ ఇటూ ఊగే సరుకట. నేనేమో కింది మెట్టు పావు కిందికి కట్టాను, పై మెట్టు పావు పైకి. "ఇంత పడిందంటున్నారే, ఇదంతా కలిపినా మీ మొదటి మెట్టు ఛాయలకి కూడా పోలేదు. అది అక్కడిదాకా దిగేసరికి మన మనవలకి చత్వారం వస్తుంది."

"మరి రోజూ ఎనిమిదీ ఎనభై ఎనిమిది వచ్చేదే?" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. "ఎక్కడ?" అంది.

చూపించాను. ఆవిడ ఫోను వంక చూసి, నా వంక చూసింది. "సున్నా చుక్క సున్నా సున్నా" అంది మెల్లగా.

తరవాత ఆవిడ లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, పేషెంట్ల కుర్చీ చూపించింది. "కూర్చోండి."

"ఇవాళ వద్దు, మనసు బాలేదు."

"కూర్చోండి డాక్టరు గారూ."

ఆ కుర్చీలో నేనెప్పుడూ కూర్చోలేదు. కొంచెం కిర్రుమంటుంది, నూనె వెయ్యాలి. పరీక్ష ఫ్రేము నా చెవులకి తగిలించి, చిన్న అక్షరాల అట్ట చేతికిచ్చింది. అట్ట ముద్రించినవాణ్ణి తిట్టబోయి ఊరుకున్నాను, దాన్ని తెచ్చింది నేనే. పెట్టెలోంచి లెన్సు తీసి వేసింది.

"ఇందాకటిది బాగుందా, ఇది బాగుందా?"

రోజుకి యాభైసార్లు నేను అడిగే మాట. జవాబు చెప్పడం ఇంత కష్టమని నాకు తెలియదు. పాతిక వేసింది. అర వేసింది. ముప్పావు. ఒకటి. ఒకటింపావు. చాలన్నాను. "ఇంకొక్క పాతిక" అని వేసింది.

అక్షరాలు లేచి నిలబడ్డాయి. ఒకటిన్నర. అట్టలో అడుగు వరస పైకి చదివాను. అట్ట తిప్పి వెనక ముద్రించినవాడి చిరునామా కూడా చదివాను. మళ్ళీ మొదట్నుంచీ చదివాను. చిన్నప్పుడు అక్షరాలు వచ్చిన కొత్తలో కనపడిందల్లా చదివేవాణ్ణి, అలాగ. పెన్సిలు మీద రాసింది, అగ్గిపెట్టె మీద రాసింది, ఆవిడ చీర అంచులో దారం పోగులు. ఇవన్నీ ఇక్కడే ఉన్నాయా ఇన్నాళ్ళూ! సంతోషం ఆపుకోలేక ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"అబ్బా, వేలు!" అంది.

ఆ వేలు చూశాను. దగ్గరగా. చర్మం మీద అద్దం మీద గీతల్లా సన్నని తెల్ల గీతలు, ఒకదాని మీద ఒకటి. వాపు ఉందని తెలుసు. ఈ గీతలు ఉన్నాయని తెలియదు.

"నాకు పాట పాడే మిషను అక్కర్లేదండీ. పెద్దాయనది చాలు. పాట కావాలంటే నేను పాడుకుంటాను" అంది.

"అడక్కుండా డబ్బు తియ్యను ఇంక. ఒట్టు" అన్నాను.

"తీస్తే ముందు నాచేత అంకెలు చదివించుకోండి" అంది.

మార్చి 6, గురువారం

డబ్బు పొల్లు పోకుండా వెనక్కి వచ్చింది. తిన్నగా తీసుకెళ్ళి పెద్దాయన చేతిలో పెట్టాం. ఇద్దరం కలిసి వెళ్ళాం. పెద్దాయన మా ఆవిడ బొటనవేలు చూసి తన బొటనవేలు చూపించాడు. అది వంగదు. ఆయన మిషను కొనడానికి ముందే అలా అయిందట. ఇద్దరూ వేళ్ళు పక్కపక్కన పెట్టుకుని నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మిషను వచ్చే వారం శనివారం వస్తుంది. ఈలోపు సానరాయి ముట్టవద్దన్నాను. "ఒక్క జత ఉంది. అది నా చేత్తోనే చెయ్యాలి" అంది. ఎవరిదో చెప్పలేదు. ఎవరిదో నాకు తెలుసు. వద్దన్నా వినలేదు.

బావమరిది స్కూటరు కోసం దాచుకున్నదాంట్లో సగం పోయింది. హద్దు పెట్టుకున్నాడు కాబట్టి మిగతా సగం నిలిచింది. "ఊగుతుంది ఊగుతుంది అనుకున్నాను బావా, అది ఊగనని ఎప్పుడూ చెప్పలేదు, నేనే అడగలేదు" అన్నాడు. వాళ్ళక్క వాణ్ణి ఫోనులో అరగంట దులిపి, ఆదివారం భోజనానికి రమ్మంది.

మార్చి 7, శుక్రవారం

కళ్ళజోడు అయింది. నల్లటి ఫ్రేము, నాకు తెలియకుండా ఆవిడే ఎంచింది.

నేను అందరికీ చేసినట్టే చేసింది. ఎదురుగా స్టూలు మీద కూర్చుని, ఫ్రేము నా ముక్కు మీద పెట్టి, చెవుల వెనక సరిచేస్తూ మొహం నా మొహానికి దగ్గరగా తెచ్చింది. మూరెడు దూరం కూడా లేదు. ఆ దూరంలో నేను దేన్నీ తేటగా చూసి ఎన్నేళ్ళయిందో లెక్క తెలియదు. కనుబొమ్మ దగ్గర చిన్న మచ్చ. కంటి చివర నవ్వు ముడతలు, కొత్తవి. నాకు కొత్తవి. ఎంత బాగుందో మనిషి!

అప్పుడు కనిపించాయి. ముక్కుకి అటొకటీ ఇటొకటీ. గోటి గుర్తులంత, లేతగా.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

ఆవిడ చెయ్యి నా చెవి దగ్గరే ఆగిపోయింది. ముక్కు తడుముకోబోయి మానేసింది. "రెండేళ్ళవుతుంది" అంది.

"రెండేళ్ళా! ఎక్కడ పెడతావు?"

"తెర అవతల, సొరుగులో. లేకపోతే అంచులు ఎలా కనపడతాయనుకున్నారు?"

"నాకెందుకు చెప్పలేదు?"

"'మా ఇంట్లో ఎవరికీ కళ్ళజోడు లేదు' అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటే ఎలా చెప్పమంటారు? ఆ మాట అనేటప్పుడు మీ మొహం ఎలా వెలిగిపోతుందో మీకు తెలియదు. మీ అడుగుల చప్పుడు వినపడగానే తీసేసేదాన్ని. దగ్గేదాన్ని కూడా, సొరుగు చప్పుడు మీకు వినపడకుండా."

ఊళ్ళోవాళ్ళ ముక్కులన్నీ చూశాను. గుమ్మంలో నిలబడ్డ డ్రైవరు ముక్కు చూసి నవ్వాను. నా పక్కన కూర్చుని అన్నం తినే మనిషి ముక్కు చూడలేదు. "నువ్వూ పెట్టుకో. ఎలా ఉంటావో చూడాలి" అన్నాను.

లోపలికి వెళ్ళి పెట్టుకుని వచ్చింది. సన్నటి రాగి రంగు ఫ్రేము. బడి పంతులమ్మలా నిలబడి "ఏం, పాఠం అప్పజెబుతారా?" అంది. పెళ్ళయ్యాక ఆవిడ వంక అంతసేపు నేనెప్పుడూ చూడలేదు. షట్టరు ఎత్తడం ఆలస్యమైంది, బయట ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. నిలబడనీ.

మార్చి 15, శనివారం

మిషను వచ్చింది! బావమరిది, నేను, బండివాడు కలిసి లోపలికి మోశాం. తలుపులోంచి పట్టలేదు, తెర కర్ర పీకాల్సి వచ్చింది. పీకాక మళ్ళీ పెట్టలేదు. ఇప్పుడు కౌంటరు దగ్గరినుంచి చూస్తే ఆవిడ పని చేస్తూ నేరుగా కనిపిస్తుంది, కళ్ళజోడు పెట్టుకుని.

మొదటి లెన్సు పెట్టి మీట నొక్కింది. మిషను గుర్రుమంటూ తిరిగింది. ఆవిడ బొటనవేలు గాల్లో ఎత్తి పట్టుకుని దాన్ని చూస్తూ నిలబడింది, అదేదో సెలవు మీద వచ్చిన చుట్టం అన్నట్టు. పని అయ్యాక మిషను పాడలేదు. నేనూ బావమరిదీ కలిసి పాడాం. శ్రుతి కుదరలేదు.

"బావా, బుద్ధిమంతుడికి సరైన పాతిక పెట్టి చూద్దామా? ఉత్తుత్తి డబ్బుతో?" అన్నాడు వాడు.

వాళ్ళక్క మా ఇద్దరి వంకా కళ్ళజోడు పైనుంచి చూసింది. ఆ చూపు కొత్తది. ఫోను జేబులో పెట్టేసుకున్నాం.

మార్చి 16, ఆదివారం

మధ్యాహ్నం డైరీ మొదట్నుంచీ చదువుకున్నాను. గీతలు చక్కగానే ఉన్నాయి. నేనే ఒక్క గీత మీద కూడా నిలిపి రాయలేదు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. కంపెనీవాళ్ళని తిట్టిన చోట కొట్టేశాను.

ఇప్పుడే లోపలినుంచి కేక. "ఏమండీ, నా కళ్ళజోడు చూశారా? ఇక్కడ మీది ఉంది."

తీసి చూశాను. రాగి రంగు ఫ్రేము. ఇందాకట్నుంచీ ఆవిడది పెట్టుకునే చదువుతున్నాను, రాస్తున్నాను. తేడా ఏమీ తెలియలేదు.

ఆవిడదీ ఒకటిన్నరే.

"నా దగ్గరుంది. ఇవాళ్టికి నాది పెట్టుకో" అని కేకేశాను.